మట్టి లేని సాగులో లేత మొక్కల పోషక సమస్యలు: ద్వారక నీటి నేపథ్యంలో నిర్ధారణ

మట్టి ప్రమేయం లేకుండా, నీటిలో కరిగిన లవణాలనే ఆహారంగా ఇచ్చి మొక్కను పెంచే పద్ధతి హైడ్రోపోనిక్స్. దీన్నే జలసాగు అనీ, మట్టి లేని సాగు అనీ అంటున్నారు. విత్తనం మొలిచింది మొదలు నాలుగైదు అసలు ఆకులు తొడిగే వరకు ఉన్న దశ ఈ వ్యాసానికి విషయం. పాలకూర, తోటకూర, లెట్యూస్, టమాటా, మిరప, ఏ పంటైనా ఈ కొద్ది వారాల్లోనే ఆకులు పాలిపోవడం, ఈనెల నడుమ పసుపు తిరగడం, అంచులు మాడడం, కాడ ఊదారంగుకు మారడం, ఎదుగుదల గిడసబారడం ఎక్కువగా కనిపిస్తాయి. అవి కనపడగానే ద్రావణంలో ఏదో పోషకం చాలలేదనుకుని, దాన్ని మరికాస్త కలపడం పెంపకందారులకు అలవాటైపోయింది. ఈ అలవాటు చాలా సందర్భాల్లో మొక్కకు చేటు చేస్తుంది. నారు దశలో లోపాలుగా కనిపించే వాటిలో ఎక్కువ భాగం తొట్టిలో పోషకం లేక వచ్చినవి కావు, ఉన్న పోషకాన్ని వేరు అందుకోలేక వచ్చినవి. అందుకోలేకపోవడానికి కారణం నీటి స్వభావంలోనో, వేరు ఆరోగ్యంలోనో, వేడి చలుల్లోనో ఉంటుంది. కాబట్టి నిర్ధారణ నీటితో మొదలుకావాలి, తర్వాత వేరును చూడాలి, ఆకు దగ్గరికి చివరన రావాలి. ఢిల్లీకి నైరుతి మూలన ఉన్న ద్వారక ఉపనగరంలో ఈ సంగతి మిగతా చోట్ల కన్నా స్పష్టంగా తేలుతుంది. ఎందుకంటే అక్కడి డాబాల మీదికీ బాల్కనీల్లోకీ వచ్చే నీరు ఒక్క రకం కాదు, అక్కడి రుతువులు మెతకవీ కావు.

ఆకును చూసి లోపం చెప్పే విద్య ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని బలమూ, దాని హద్దూ తెలుస్తాయి. 1860 ప్రాంతంలో జర్మనీలో యూలియస్ ఫాన్ సాక్స్, విల్‌హెల్మ్ క్నోప్ లవణ ద్రావణాల్లో మొక్కలను పెంచి చూపారు. ఒక్కో లవణాన్ని తీసేసి మొక్క ఏమవుతుందో గమనించే పద్ధతికి అదే పునాది. 1938లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డెనిస్ హోగ్లండ్, డేనియల్ ఆర్నన్ ప్రకటించిన ద్రావణ సూత్రం ఇవాళ్టికీ పెంపకందారుల లెక్కలకు ఆధారం. అందులో లీటరుకు నత్రజని 210, పొటాషియం 234, కాల్షియం 200, భాస్వరం 31 మిల్లీగ్రాములు ఉంటాయి. మొక్కకు ఒక మూలకం అత్యవసరమని ఎప్పుడు చెప్పవచ్చో మరుసటి ఏడాది ఆర్నన్, పెరీ స్టౌట్ నియమాలు ఏర్పరిచారు. ఆ జాబితా ఇప్పుడు 17 మూలకాలు. వాటిలో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలి నుంచీ నీటి నుంచీ వస్తాయి, మిగతా 14 ద్రావణమే ఇవ్వాలి. బ్రిటన్‌లోని లాంగ్ ఆష్టన్ పరిశోధన కేంద్రం నుంచి 1943లో థామస్ వాలెస్ తెచ్చిన వర్ణచిత్రాల గ్రంథం, కంటితో చూసి లోపాన్ని గుర్తుపట్టే పద్ధతిని లోకమంతటా వ్యాప్తి చేసింది. మన దేశంలో షోల్టో డగ్లస్ 1940ల్లో బెంగాల్‌లో మట్టి లేని సాగును చవకగా చేసే ప్రయోగాలు నడిపారు. లక్నో విశ్వవిద్యాలయంలో ఎస్.సి. అగర్వాలా బృందం ఇసుకలో మొక్కలు పెంచి సూక్ష్మపోషక లోపాల్ని దశాబ్దాల పాటు పరిశీలించింది. ఇవన్నీ గొప్ప పనులే. అయితే ఆ చిత్రాల్లోని మొక్కలకు శుద్ధమైన నీరు, సరైన పీహెచ్, తగిన వెచ్చదనం అన్నీ అమర్చి, ఒక్కటంటే ఒక్క మూలకాన్ని మాత్రమే ఆపారు. ద్వారకలో ఒక బాల్కనీ తొట్టిలో అలా ఒక్కటే తప్పి మిగతావన్నీ సరిగా ఉండడం అరుదు. అందుకే ఇలాంటి లోపాల పటంలోని బొమ్మకూ ఎదుట ఉన్న ఆకుకూ పోలిక కుదిరినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు.

పటాలన్నిటికీ వెన్నెముక లాంటి సూత్రం ఒకటుంది. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మొక్కలో ఒక చోటి నుంచి మరో చోటికి కదులుతాయి. కొరత వస్తే మొక్క వాటిని ముదురు ఆకుల నుంచి తీసి చిగురుకు పంపుతుంది, కనుక లక్షణం కింది ఆకుల్లో ముందు కనిపిస్తుంది. కాల్షియం, బోరాన్, ఇనుము దాదాపు కదలవు, వాటి కొరత చిగురులోనే తేలుతుంది. ఎదిగిన మొక్కలో ఈ సూత్రం చక్కగా పనిచేస్తుంది. నారులో తడబడుతుంది. రెండు బీజదళాలు, రెండు మూడు అసలు ఆకులు మాత్రమే ఉన్న మొక్కలో ఏది ముదురు, ఏది లేత? పైగా బీజదళాల పని గింజలో దాచిన ఆహారాన్ని మొలకకు అందించడం. ఆ పని అయ్యాక అవి పసుపెక్కి రాలడం సహజం. దాన్ని నత్రజని లోపమనుకుని ద్రావణాన్ని చిక్కబరిస్తే, లవణాల ఒత్తిడి తట్టుకోలేని లేత వేరు మాడుతుంది. అప్పుడు నిజంగానే ఆకులు పాలిపోతాయి, పెంపకందారు తన అనుమానమే నిజమైందనుకుని ఇంకాస్త కలుపుతాడు. నారు చావుల్లో చాలావాటి వెనుక ఈ గొలుసే ఉంటుంది. మొలకెత్తిన తొలి రోజుల్లో మామూలు నీరు చాలు. మొదటి అసలు ఆకు విచ్చుకున్నాక మీటరుకు 0.6 నుంచి 1 డెసీసీమెన్స్ వాహకత, అంటే ఈసీ, ఉన్న పలచని ద్రావణం సరిపోతుంది. ఎదిగిన లెట్యూస్‌కు కూడా 1.2 నుంచి 1.8 మించనక్కర్లేదు.

ఇక నీటి సంగతి. ఒకప్పుడు పప్పన్‌కలాన్ అని పిలిచిన ఈ ప్రాంతాన్ని ఢిల్లీ అభివృద్ధి సంస్థ సెక్టార్లుగా విడగొట్టి, హౌసింగ్ సొసైటీలకు కేటాయించి ఉపనగరంగా కట్టింది. నీటి కొరత మొదటి నుంచీ ఈ ఊరి ప్రధాన ఫిర్యాదు. ఢిల్లీ జల్ బోర్డు కుళాయి నీరు, సొసైటీ బోరు నీరు, ట్యాంకర్ నీరు మూడూ ఒకే భూగర్భ సంపులో కలిసే భవనాలున్నాయి. నదీజలాన్ని శుద్ధి చేసి ఇచ్చే నీటికీ, బోరు నీటికీ స్వభావంలో చాలా తేడా. నైరుతి ఢిల్లీలో, ముఖ్యంగా నజఫ్‌గఢ్ వైపు, భూగర్భ జలం చాలా చోట్ల ఉప్పన. కుళాయి సరఫరా తగ్గిన వారం సంపులో బోరు వాటా పెరుగుతుంది. పెంపకందారు అదే కుళాయి తిప్పి, అదే కొలత ప్రకారం లవణాలు కలిపినా, మొక్కకు అందే ద్రావణం మారిపోతుంది. పోయిన నెల పచ్చగా పెరిగిన పంట ఈ నెల ఎందుకు పసుపెక్కిందన్న ప్రశ్నకు ఇక్కడ చాలాసార్లు జవాబు సంపులో దొరుకుతుంది, ఎరువుల సీసాలో కాదు.

తాగడానికి పనికొచ్చిన నీరు మొక్కకు పనికిరాదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే ఆధారం లేనప్పుడు 2000 దాకా అనుమతి. క్షారతకు ఆ హద్దులు 200, 600. మనిషి కడుపుకు ఈ సడలింపు ప్రమాదం కాకపోవచ్చు. వేరును నేరుగా అందులో ముంచి ఉంచిన మొక్కకు మాత్రం 300 క్షారత ఉన్న నీరే పెద్ద ఇబ్బంది. క్షారత అంటే ప్రధానంగా బైకార్బొనేట్, అది ఆమ్లాన్ని మింగేసి పీహెచ్‌ను 7 దాటించి అక్కడే నిలబెడుతుంది. జలసాగుకు అనువైన పీహెచ్ 5.5 నుంచి 6.5. అది దాటితే ఇనుము కరిగిన రూపంలో నిలవదు, మాంగనీసు, జింకు కూడా తగ్గుతాయి, భాస్వరం కాల్షియంతో కలిసి అడుక్కు దిగుతుంది. చిగురాకు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, మధ్య భాగం నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. ఇది తెలుగు రైతుకు కొత్త విషయం కాదు. సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో వేరుశనగ, చెరకు, మెట్ట వరి నారుమళ్లు తెల్లబడితే, నేలలో ఇనుము లేదని ఆ రైతు అనుకోడు. నేలలో ఉన్నా మొక్కకు అందడం లేదని తెలిసే అన్నభేదిని, అంటే ఫెర్రస్ సల్ఫేట్‌ను, నిమ్మ ఉప్పుతో కలిపి ఆకు మీద పిచికారీ చేస్తాడు. బాల్కనీ తొట్టిలో జరుగుతున్నదీ అదే. తొట్టిలో ఇనుము ఉంది, నీటి క్షారత దాన్ని మొక్కకు దక్కనివ్వడం లేదు.

ఇనుమును కాపాడేందుకు దాన్ని కీలేట్ రూపంలో, అంటే దాన్ని పట్టి ఉంచే సేంద్రియ అణువుతో జోడించి, ఇస్తారు. ఏ కీలేట్ అన్నది ఇక్కడ నిర్ణాయకం. బజారులో చవకగా దొరికే ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే నమ్మదగింది కాదు. డీటీపీఏ రకం 7 దాటినా కొంత వరకు నిలుస్తుంది. ఎర్రటి రంగునిచ్చే ఈడీడీహెచ్ఏ రకం 9 దాకా ఓర్చుకుంటుంది. సీసా మీద సూక్ష్మపోషకాల మిశ్రమం అని మాత్రమే రాసి, కీలేట్ పేరు లేకపోతే ద్వారక బోరు నీటికి దాన్ని వాడవద్దు. అసలు మందు మాత్రం పీహెచ్‌ను దించడమే. దానికో లెక్కుంది. 300 మిల్లీగ్రాముల క్షారత అంటే లీటరుకు 6 మిల్లీ ఈక్వివలెంట్లు. ఒకటి మిగిల్చి, 5 తటస్థం చేయాలి. ఆ పని ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేస్తే లీటరుకు సుమారు 155 మిల్లీగ్రాముల భాస్వరం చేరుతుంది. హోగ్లండ్ ద్రావణంలో ఉండేది 31 మాత్రమేనని పైన చూశాం. అంత భాస్వరం జింకునూ ఇనుమునూ అడ్డుకుంటుంది. అంటే పీహెచ్ తగ్గించామన్న ధీమాతో కొత్త లోపాన్ని తయారు చేసుకున్నట్టే. నైట్రిక్ ఆమ్లంతో చేస్తే సుమారు 70 మిల్లీగ్రాముల నత్రజని చేరుతుంది, దాన్ని సూత్రంలోంచి తగ్గించుకుంటే సరిపోతుంది. అయితే నైట్రిక్ ఆమ్లం ఇళ్లలో ఉంచదగిన వస్తువు కాదు, పిల్లలున్న ఇంట్లో అసలే కాదు. క్షారత ఇంత ఎక్కువగా ఉన్న చోట బోరు నీటికి వాననీరో, ఆర్వో నీరో కలిపి పలచబరచడమే గృహస్థుకు తగిన మార్గం.

ఈసీ మీటరు, టీడీఎస్ మీటరు గురించి వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే తప్పుదారి పట్టించడంలో ఆకు తర్వాతి స్థానం వాటిదే. మీటరు నీటిలో కరిగిన అయాన్లన్నిటినీ కలిపి కొలుస్తుంది. అందులో పోషకమెంత, ఉప్పెంత అని విడదీసి చెప్పలేదు. బోరు నీరే 1.4 వాహకతతో వస్తే, పెంపకందారు 1.8కి తెచ్చి సంతృప్తి పడితే, అందులో పోషకాల వాటా 0.4 మాత్రమే. మిగతాది సోడియం, క్లోరైడ్, బైకార్బొనేట్. మొక్క ఒకే సమయంలో ఆకలితోనూ ఉప్పుతోనూ బాధపడుతుంది, కింది ఆకులు పాలిపోతూ అంచులు మాడుతుంటాయి. ఏ పటంలోనూ ఈ జంట లక్షణానికి బొమ్మ ఉండదు. దీనికి తోడు వాహకతను టీడీఎస్‌గా మార్చే గుణకం అన్ని మీటర్లలో ఒకటి కాదు. కొన్ని 500తో, కొన్ని 640తో, కొన్ని 700తో గుణిస్తాయి. ఒకే ద్రావణాన్ని ఒక మీటరు 700 అంటే మరొకటి 980 అంటుంది. ఒకరు చెప్పిన పీపీఎం అంకెను మరొకరు తమ మీటరు మీద సరిపెట్టుకోబోతే నారు నష్టపోక తప్పదు. అందువల్ల సంభాషణంతా ఈసీలోనే జరగాలి, నీటి ఈసీని, ద్రావణం ఈసీని వేరువేరుగా రాసిపెట్టుకోవాలి. మే నెలలో ఇంకో చిక్కు వస్తుంది. తొట్టిలో నీరు ఆవిరవుతుంటే, మొక్క తాగుతుంటే, తగ్గినంత మేర ఉప్పు నీటినే నింపుతారు. మొక్క నైట్రేటును తీసుకుంటుంది, సోడియాన్ని వదిలేస్తుంది. ఈసీ అంకె కదలదు గానీ లోపల తిండి తగ్గి ఉప్పు పెరుగుతుంది. పది పదిహేను రోజులకోసారి తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి కొత్త ద్రావణం నింపాలనే నియమం ఇందుకే.

ఉప్పు నీటికి జడిసి ఆర్వో నీటికి మారినవారికి సమస్య రూపు మారుతుంది, పోదు. ఆర్వో పొర కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ కూడా తీసేస్తుంది. కఠిన జలాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైన ఎరువుల్లో ఈ రెండూ తక్కువగా ఉంటాయి, అలాంటిది ఆర్వో నీటిలో కలిపితే చిగుళ్లు ముడుచుకోవడం, కింది ఆకుల ఈనెల నడుమ పసుపు రావడం నిజమైన లోపాలే. ఈ నీటికి పీహెచ్‌ను నిలబెట్టే శక్తి కూడా ఉండదు, ఒక్క చుక్క ఆమ్లానికి అంకె దూకుతుంది. ఇంతకన్నా పెద్ద తప్పు ఒకటి దేశమంతటా కనిపిస్తుంది. పొలాల్లో డ్రిప్పుకూ పిచికారీకీ వాడే 19:19:19 ఎరువును జలసాగు తొట్టిలో వేయడం. అందులో కాల్షియం లేదు. నత్రజనిలో ఎక్కువ పాలు యూరియా, అమ్మోనియా రూపాల్లో ఉంటుంది. యూరియాను మార్చి మొక్కకు అందించే సూక్ష్మజీవులు మట్టిలో పుష్కలం, శుభ్రమైన నీటి తొట్టిలో కొరత. అమ్మోనియా ఎక్కువైతే లేత వేర్లు దెబ్బతింటాయి. పొలంలో మట్టి తీర్చే లోటును ఇక్కడ తీర్చేవారు లేరు. జలసాగుకు కాల్షియం నైట్రేటు ఒక డబ్బాలో, సల్ఫేట్లూ ఫాస్ఫేట్లూ మరో డబ్బాలో ఉండే ఏ, బీ జంట ద్రావణాలే వాడాలి. చిక్కని స్థితిలో ఆ రెండూ కలిస్తే జిప్సం, కాల్షియం ఫాస్ఫేట్ తెల్లగా అడుగున చేరతాయి. తొట్టి అడుగున తెల్లని బురద కనిపిస్తే ఆకు వైపు చూడనక్కర్లేదు, లోపం అక్కడే పడి ఉంది.

నీటి తర్వాత వేరు. ఆరోగ్యమైన వేరు తెల్లగా, కొసన నూగుతో, గట్టిగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి, జిగటగా మారి, వేళ్లతో లాగితే పైతొడుగు ఊడి లోపలి దారం మిగిలితే అది పితియం వేరుకుళ్లు. ఎంత మంచి ద్రావణమైనా ఆ వేరు తాగలేదు, పైన ఆకులు నత్రజని, ఇనుము, పొటాషియం లోపాలన్నీ కలగలిపి చూపిస్తాయి. ఢిల్లీ వేసవి ఈ కుళ్లుకు అనువైన కాలం. ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో డాబా మీది పైపులూ తొట్టీ కాగిపోతాయి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.1 మిల్లీగ్రాములు నిలిచేది, 30 డిగ్రీలకు 7.5కు పడిపోతుంది. అదే వేడికి వేరు శ్వాస దాదాపు రెట్టింపవుతుంది. అంటే అవసరం పెరిగిన చోటే సరఫరా తగ్గుతుంది. ఊపిరాడని వేరు కాల్షియాన్నీ పొటాషియాన్నీ లోనికి లాగలేదు. 1970ల్లో ఇంగ్లండ్‌లో ఆలెన్ కూపర్ ప్రచారంలోకి తెచ్చిన పలచని నీటిపొర పద్ధతి, అంటే ఎన్ఎఫ్‌టీ, చల్లని దేశపు గాజుశాలల్లో రూపుదిద్దుకున్నది. పైపులో కొద్దిపాటి నీరే ప్రవహిస్తుంది కనుక ద్వారక డాబా మీద అది తొట్టి కన్నా తొందరగా వేడెక్కుతుంది, కరెంటు పోతే వేర్లు అంతే తొందరగా ఆరిపోతాయి. మే, జూన్ నెలల్లో మధ్యాహ్నం వేళ ద్రావణంలో థర్మామీటరు పెట్టి చూడకుండా లోపం పేరు చెప్పడం గుడ్డిగా చెప్పడమే. 28 డిగ్రీలు దాటిందంటే నీడ పరదా, తెల్లరంగు, లోతైన తొట్టి, గాలి పంపు ముందు కావాలి, పోషకం తర్వాత. ఆ కాలంలో లెట్యూస్ కోసం పెనుగులాడే బదులు తోటకూర, గోంగూర లాంటి వేడిని ఓర్చే ఆకుకూరలు వేసుకోవడం తెలివైన పని.

జనవరిలో ఇదే డాబా మరోలా మోసం చేస్తుంది. రాత్రి చలికి ద్రావణం 10 డిగ్రీల లోపుకు దిగితే టమాటా నారు ఆకుల అడుగు, కాడలు ఊదారంగుకు మారతాయి. పటం తెరిస్తే అది భాస్వరం లోపమని ఉంటుంది. తొట్టిలో భాస్వరం నిండుగా ఉంటుంది. చల్లబడిన వేరు దాన్ని తీసుకోలేదు, పైగా చలికే ఆ ఊదారంగు పదార్థం ఆకుల్లో పెరుగుతుంది. ఎండ కాసి నీరు వెచ్చబడ్డాక వచ్చే కొత్త ఆకులు మామూలు రంగులో ఉంటే రోగం చలిదని తేలిపోయినట్టే. వెలుతురు విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా పొగమంచు, పొగ కమ్మిన ఢిల్లీ ఆకాశం కింద, పైగా ఉత్తర దిక్కు బాల్కనీలో, మొలకలు సన్నగా పొడవుగా సాగి లేత ఆకుపచ్చలో ఉంటాయి. అది నత్రజని కొరత కాదు. నత్రజని లోపించిన మొక్క పొట్టిగా బిగుసుకుపోతుంది, వెలుతురు చాలని మొక్క సాగిపోతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే శీతాకాలపు తప్పు నిర్ధారణలు చాలా తగ్గుతాయి.

నారు పోసే మాధ్యమాన్ని కూడా అనుమానించాలి. ప్రోట్రేల్లో నింపే కొబ్బరి పొట్టు, అంటే కోకోపీట్, కోనసీమ వంటి కొబ్బరి ప్రాంతాల నుంచి ఇటుకలుగా ఒత్తి దేశమంతా వెళుతుంది. సముద్ర తీరపు కొబ్బరిలో, ఉప్పు నీటిలో నానిన పీచులో సోడియం, పొటాషియం సహజంగానే ఎక్కువ. కడగని పొట్టు ఈ రెంటినీ నీటిలోకి వదిలి, బదులుగా ద్రావణంలోని కాల్షియం, మెగ్నీషియంలను తనలోకి పట్టుకుంటుంది. మొలకకు అందవలసింది పొట్టు తీసుకుంటుంది. పొట్టును బాగా కడిగి, కాల్షియం నైట్రేటు నీటిలో ఒక రాత్రి నానబెట్టి, మళ్లీ కడిగితే ఈ బెడద ఉండదు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ పులియబెట్టిన కొబ్బరి పొట్టును, కొబ్బరి పొట్టు సాగు కోసం ప్రత్యేకంగా అర్క సస్య పోషక రసాన్ని తయారు చేయడం వెనుక ఈ అవగాహనే ఉంది.

లేత లెట్యూస్ లోపలి ఆకుల అంచులు నల్లబడడం కాల్షియం లోపమే, సందేహం లేదు. అయినా తొట్టిలో కాల్షియం పెంచితే అది పోదు. కాల్షియం నీటితో పాటు పైకి వెళుతుంది, ఆకు నుంచి నీరు ఆవిరైనప్పుడే అక్కడికి చేరుతుంది. గాలి ఆడని చోట, ఉక్కగా ఉన్న జులై ఆగస్టుల్లో, ముడుచుకున్న లోపలి ఆకు నుంచి నీరు ఆవిరవదు. చిన్న ఫ్యాను చేసే మేలు ఇక్కడ ఏ సీసా చేయదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. నిజమైన లోపాలను కూడా నీటి మీదికో వేడి మీదికో నెట్టేస్తే నష్టం కదా అన్నది మొదటిది. అవును, చరిత్రలో అలాంటి ఉదాహరణ ఉంది. తరాయి ప్రాంతపు వరిలో ఆకులు తుప్పురంగుకు తిరిగే ఖైరా తెగులు జింకు లోపమని పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే 1966లో తేల్చారు. అప్పటిదాకా దాని కారణం స్పష్టంగా తేలలేదు. అయితే ఆయన చేసింది పటంతో పోల్చి చూడడం కాదు, జింకు ఇచ్చి మొక్క కోలుకుంటుందో లేదో పరీక్షించడం. ఈ వ్యాసం కోరేదీ అదే పరీక్ష. ఆకును ప్రయోగశాలకు పంపితే తేలిపోతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. పెద్ద పంటలో అది మంచి పద్ధతి. నారులో పరీక్షకు చాలినంత ఎండు పదార్థం కోసం పదుల మొక్కలను పెరకాలి, ఫలితం వచ్చేలోగా దశ దాటిపోతుంది. పైగా ఇనుము విషయంలో పసుపెక్కిన ఆకులో మొత్తం ఇనుము పచ్చని ఆకులో ఉన్నంత, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ఉండడం శాస్త్రజ్ఞులు గమనించిన విషయమే. అది ఆకులో చేరినా పని చేసే రూపంలో ఉండదు. ఆ అంకె చూస్తే ఇనుము లోపం లేదనిపిస్తుంది. ప్రయోగశాలకు పంపదగింది ఆకు కన్నా ముందు నీరు. దాని పరీక్ష చవక, ఫలితం ప్రతి పంటకూ పనికొస్తుంది. ఫోనులో ఫొటో తీస్తే లోపం పేరు చెప్పే యాప్‌లు చాలవా అన్నది మూడోది. అవి ఆకు రంగును చూడగలవు. పీహెచ్‌నూ, తొట్టి వేడినీ, వేరునూ చూడలేవు. ఒకే పసుపు రంగుకు ఆరు కారణాలున్నప్పుడు రంగు ఎంత స్పష్టంగా కనిపించినా కారణం తేలదు. అన్నీ పారబోసి కొత్త ద్రావణం నింపితే సరిపోదా అన్నది నాలుగోది, ఇది ఎక్కువ భాగం న్యాయమైనదే. సరైన నీటితో చేసిన కొత్త ద్రావణం మంచి చికిత్స, మంచి పరీక్ష కూడా. అదే సంపు నీటితో నింపితే మాత్రం తప్పును కొత్తగా మొదలుపెట్టినట్టు.

ఆచరణలో నిర్ధారణ ఇలా సాగాలి. లక్షణం కనిపించిన రోజు ఏమీ కలపకుండా నీటి ఈసీ, ద్రావణం ఈసీ, పీహెచ్, ద్రావణం వేడి రాసుకోవాలి. పీహెచ్ మీటరును 4, 7 ప్రామాణిక ద్రావణాలతో సరిచూడకుండా వచ్చిన అంకెకు విలువ లేదు. తర్వాత రెండు మూడు మొక్కలను పైకెత్తి వేరు చూడాలి. అన్ని మొక్కలూ ఒకేలా ఉన్నాయా, ఒక మూలనే ఉందా గమనించాలి. పైపు చివరి మొక్కలే వాడితే అది ప్రవాహ సమస్య, ఎండ తగిలే వరుసే మాడితే అది వేడి సమస్య, తొట్టి అంతటా సమానంగా ఉంటే అది నీరో ద్రావణమో. అడుగున బురద, పైన పాచి చూడాలి. వెలుతురు చొరబడే తొట్టిలో పాచి పెరిగి పోషకాలనూ రాత్రివేళ ఆక్సిజన్‌నూ తినేస్తుంది, అదే వెలుతురు ఇనుము కీలేట్‌నూ పాడుచేస్తుంది. ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాకనే ఆకును చదవాలి. అప్పుడు ఫలానా మూలకమని అనుమానం వస్తే, ఫ్రాన్సులో యూసెబ్ గ్రీ 1840ల్లో ద్రాక్ష ఆకుల మీద చూపిన పద్ధతి ఇవాళ్టికీ చాలు. పలచని అన్నభేది నీటిని ఆకులో సగానికి పూసి, మిగతా సగం వదిలేయాలి. కొద్ది రోజుల్లో పూసిన సగం పచ్చబడితే ఇనుము అందడం లేదన్నది రుజువైనట్టే. మెగ్నీషియం అనుమానానికి మెగ్నీషియం సల్ఫేట్‌తోనూ ఇలాగే చేయవచ్చు, కాకపోతే ఫలితం నెమ్మదిగా వస్తుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఫలితాన్ని కొత్తగా వచ్చే ఆకులోనే వెతకాలి. మాడిన అంచు మళ్లీ పచ్చబడదు, దాన్ని చూసి చికిత్స పనిచేయలేదని తొందరపడకూడదు. లేత మొక్కలో కొత్త ఆకు కొద్ది రోజుల్లోనే వస్తుంది. ఆ మాత్రం ఆగగలిగితే చాలు.

ద్వారకలోనైనా, విజయవాడ అపార్టుమెంటులోనైనా జలసాగు మొదలుపెట్టేవారు పోషకాల సీసా కొనకముందే తమ ఇంటి నీటిని పరీక్ష చేయించాలి. వేసవిలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి చేయించి, క్షారత, సోడియం, క్లోరైడ్, కాల్షియం, మెగ్నీషియం అంకెలను తొట్టి పక్కనే రాసిపెట్టుకోవాలి.